ఉద్దానం: అనుమానం ఎప్పుడు సాక్ష్యమవుతుంది?

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, తూర్పు కనుమలకూ సముద్రానికీ నడుమ ఉన్న పచ్చటి పట్టీ ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని ఊళ్లకు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే ఆస్తి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ ఆస్తిని ఒక్క రాత్రిలో నేలమట్టం చేస్తే దేశమంతా చూసింది. కిడ్నీ జబ్బు మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే, ఎవరి కంటా పడకుండా, ఇళ్లను గుల్ల చేస్తూ వచ్చింది. అక్కడ జరిగిన సర్వేల ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి మూత్రపిండాల పనితీరులో తేడా ఉంది. వాళ్లలో ఎక్కువమందికి అది ఎందుకు వచ్చిందో వైద్యులు చెప్పలేకపోతున్నారు.

కిడ్నీలు పాడయ్యాయంటే ఎక్కడైనా ముందుగా అనుమానించేది షుగరును, బీపీని. ఉద్దానం రోగుల్లో చాలామందికి షుగరు ఉండదు, మొదట్లో బీపీ కూడా ఉండదు. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. ఒళ్లు బరువెక్కడం, ఆకలి మందగించడం, నడుం నొప్పి లాంటివి ఎండలో పనిచేసే మనిషి ఎవరైనా చెప్పేవే కాబట్టి పట్టించుకునేవారు తక్కువ. కండరాల్లో తయారై కిడ్నీల ద్వారా బయటికి పోవాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, రక్తంలో పెరిగిందని పరీక్షలో తేలేసరికి సగానికి పైగా శక్తి పోయి ఉంటుంది. బయాప్సీ చేసి, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తే రక్తాన్ని వడగట్టే భాగం కన్నా, వడపోత తర్వాత ద్రవం ప్రవహించే సన్నని నాళాలూ, వాటి మధ్య ఉండే కణజాలమూ ఎక్కువగా దెబ్బతిని కనిపిస్తాయి. బయటినుంచి ఏదో విషమో, పదేపదే తగిలే దెబ్బో నాళాలను తినేస్తోందన్న అనుమానం అక్కడినుంచే పుట్టింది.

అనుమానితుల జాబితా పొడుగైనదే. బోరు నీటిలోని సిలికా అన్నారు, సీసం, కాడ్మియం లాంటి భారలోహాలు అన్నారు, తోటల్లో చల్లే పురుగుమందులు అన్నారు. ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి మాత్రలన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీ అన్నారు, వంశపారంపర్యం కూడా అన్నారు. ప్రతి వాదానికీ ఒక నిపుణుడున్నాడు, ఒక పరీక్ష నివేదిక ఉంది, ఒక పత్రికా శీర్షిక ఉంది. జనంలో ఏ మేరకు, ఎవరిలో, ఎప్పుడు, ఎక్కడ జబ్బు వస్తోందో లెక్కగట్టి, ఆ లెక్కల తేడాల్లోంచి కారణాన్ని వెతికే రోగవ్యాప్తి శాస్త్రం, అంటే ఎపిడెమియాలజీ, ఇక్కడ చేయాల్సిన పని కొత్త అనుమానితుణ్ని చేర్చడం కాదు, ఉన్నవాళ్లలో కొందరిని కొట్టేయడం. ఇన్నేళ్లలో ఆ పని అనుకున్నంతగా జరగలేదు. ఎందుకు జరగలేదో చూస్తే పర్యావరణ సంబంధ జబ్బుల్లో సాక్ష్యాన్ని ఎలా తూచాలో తెలుస్తుంది.

లెక్క ఎక్కడ మొదలవుతుంది?

అన్నిటికన్నా ముందు, జబ్బు ఉందని దేన్నిబట్టి అంటున్నాం? రక్తంలోని క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవి ఒక సూత్రంలో వేసి, మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తద్రవాన్ని వడగడుతున్నాయో అంచనా వేస్తారు. ఆ అంకె 60 కన్నా తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. ఇందులో కిటుకు ఎంత సన్నగా ఉంటుందో ఒక ఉదాహరణ చాలు. నలభై ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ డెసిలీటరు రక్తానికి 1.4 మిల్లీగ్రాములు అనుకుందాం. 2021 నాటి సూత్రం ప్రకారం అతని వడపోత సుమారు 65, అంటే గీతకు పైన ఉన్నాడు. అదే 1.6 అయితే సుమారు 55, గీత దాటి రోగుల పట్టికలో చేరిపోయాడు. మధ్యనున్న తేడా 0.2. మధ్యాహ్నం దాకా జీడితోటలో పనిచేసి, దాహంతో వచ్చి రక్తం ఇచ్చిన మనిషికి ఆ తేడాలో కొంత భాగం ఎండే తేగలదు. ల్యాబు యంత్రాన్ని ప్రమాణానికి సరిచూడకపోతే మిగతాది అది తెస్తుంది. పైగా ఈ సూత్రాలు వేరే దేశాల జనం మీద తయారైనవి. కండ తక్కువగా ఉండే మన మనుషుల విషయంలో అవి వడపోతను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తాయని మన దేశంలో జరిగిన అధ్యయనాలే చెప్పాయి.

అందుకే ఒకసారి తీసిన రక్తంతో చేసిన సర్వేకూ, మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లి అదే మనిషి రక్తం తీసిన సర్వేకూ మధ్య విలువలో చాలా తేడా ఉంది. రెండో విడతలో కొందరు మామూలు స్థాయికి వచ్చేస్తారు. ఒకే ఊరి మీద రెండు నివేదికలు రెండు శాతాలు చెప్పినప్పుడు ఎవరో అబద్ధమాడారని అనుకోనక్కర్లేదు. కొలిచిన తీరు వేరు అయి ఉండవచ్చు.

దీనికి తోడు మరో చిక్కు. కారణం తెలియని కిడ్నీ జబ్బును లెక్కించేటప్పుడు షుగరు, బీపీ ఉన్నవాళ్లను పక్కన పెట్టేస్తారు. షుగరు విషయంలో అది న్యాయమే. కానీ బీపీ కిడ్నీ జబ్బుకు కారణమే కాదు, ఫలితం కూడా. నాళాలు దెబ్బతిని, జబ్బు ముదిరిన మనిషికి తర్వాత బీపీ వస్తుంది. సర్వే బృందం ఆ దశలో తలుపు తట్టితే అతను "బీపీ వల్ల కిడ్నీ పోయినవాడు" కింద పడిపోతాడు. అంటే అసలైన ఉద్దానం రోగుల్లో ముదిరినవాళ్లే లెక్కలోంచి జారిపోతారు. అప్పటికే చనిపోయినవాళ్లు ఎలాగూ సర్వేకు దొరకరు. ఇంట్లో గోడమీద దండ వేసిన ఫొటోను ఏ సర్వే లెక్కించదు.

ముందు ఏది, వెనక ఏది?

ఉద్దానంలో ఇప్పటిదాకా ఎక్కువగా జరిగినవి ఒక రోజున ఊళ్లోకి వెళ్లి, ఎవరికి జబ్బు ఉంది, ఎవరికి ఏ అలవాటు ఉంది అని ఒకేసారి అడిగిన సర్వేలు. ఇవి భారం ఎంతో చెప్పగలవు. కారణం చెప్పమంటే తడబడతాయి. ఎందుకంటే అందులో కాలం ఉండదు.

నొప్పి మాత్రలనే చూడండి. "గత కొన్నేళ్లుగా ఒళ్లు నొప్పులకు మాత్రలు వాడుతున్నారా?" అని ప్రశ్నావళిలో ఉంటుంది. రోగుల్లో ఎక్కువమంది అవునంటారు. మాత్రల వల్ల కిడ్నీ పోయిందా, కిడ్నీ పోతున్నప్పుడు వచ్చే నొప్పులకు మాత్రలు మింగారా? రెండూ ఆ ఒక్క జవాబులోనే కలిసిపోయి ఉంటాయి. మీదుమిక్కిలి, జబ్బు వచ్చిన మనిషి ఇరవై ఏళ్ల జీవితాన్ని తవ్వి తవ్వి గుర్తు చేసుకుంటాడు. పక్కింటి ఆరోగ్యవంతుడు "ఏమో, ఎప్పుడో వేసుకున్నాను" అని ఊరుకుంటాడు. పురుగుమందుల ప్రశ్నకూ ఇదే గతి. పైగా ఆ రోగి పదేళ్లుగా టీవీలో ఆ మందుల గురించే వింటున్నాడు.

ప్రయోగశాల అంకెలు జ్ఞాపకాల కన్నా నమ్మదగినవి కదా అనిపిస్తుంది. అక్కడా ఇదే ఉచ్చు ఉంది. రక్తంలోకి చేరిన లోహాల్లో కొన్ని ముఖ్యంగా మూత్రంలోంచే బయటకు పోతాయి. మూత్రపిండాలు మందగిస్తే కొన్ని లోహాలు రక్తంలో పేరుకుంటాయి, మూత్రంలో తగ్గుతాయి. కాబట్టి రోగుల రక్తంలో ఫలానా లోహం ఎక్కువగా ఉందని తేలితే, ఆ లోహం కిడ్నీని చెడగొట్టిందని అనుకోవడం ఎంత సులువో, చెడిన కిడ్నీ ఆ లోహాన్ని బయటకు పంపలేకపోయిందని అనుకోవడమూ అంతే సులువు. ఈ చిక్కుముడి విప్పాలంటే ఒక్కటే దారి. జబ్బు రాకముందే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే రక్తం, మూత్రం తీసి భద్రపరిచి, ఆ మనిషిని ఏళ్ల తరబడి గమనించాలి.

నికరాగువాలో అలా చేశారు. మధ్య అమెరికా పసిఫిక్ తీరంలో చెరకు నరికే కూలీలను ఇలాంటి జబ్బే రెండు దశాబ్దాలకు పైగా బలి తీసుకుంటోంది. అక్కడ తొమ్మిది ఊళ్లలో 18 నుంచి 30 ఏళ్ల వయసున్న 350 మంది ఆరోగ్యవంతులను ఎంచుకుని రెండేళ్లపాటు వెంబడించారు. మగవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి కిడ్నీ పనితీరు ఆ కొద్దికాలంలోనే వేగంగా పడిపోయింది, మిగతావాళ్లలో ఎక్కువమందికి నిలకడగా ఉంది. జబ్బు అందరికీ నెమ్మదిగా రాదని, కొందరికి యవ్వనంలోనే దెబ్బ తగులుతుందని దానితో స్పష్టమైంది. ఉద్దానంలో నలభై అయిదేళ్ల రోగిని ఈరోజు తాగుతున్న నీళ్ల గురించి అడుగుతున్నాం. బహుశా అతని ఇరవయ్యో ఏట తాగిన నీళ్ల గురించి అడగాలేమో. ఆ బావి ఇప్పుడు పూడిపోయి ఉంటుంది.

పోలిక లేని పరీక్ష

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే ఆరువందల మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు, ఎక్కువమంది గంటల్లోనే తేరుకున్నారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలగానే కారణం దొరికిపోయిందన్నట్టు వార్తలు వచ్చాయి. తర్వాత నిపుణుల చూపు పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. ఆ మొదటి రోజుల్లో అడగాల్సిన మామూలు ప్రశ్న ఒకటే: అదే వీధిలో, అదే నీళ్లు తాగి, ఏమీ కానివాళ్ల రక్తంలో సీసం ఎంత? మన పట్టణాల్లో రక్తంలో కాస్తో కూస్తో సీసం లేనివాళ్లు అరుదు. రోగుల్లో కనిపించిన అంకెకు పక్కన ఆరోగ్యవంతుల అంకె పెట్టనిదే అది దేనికీ సాక్ష్యం కాదు.

ఉద్దానం నీటి పరీక్షల్లో చాలావాటికి ఇదే లోపం. జబ్బున్న ఊళ్ల బోర్ల నుంచి నమూనాలు తెచ్చి, ఏదో ఒకటి పరిమితికి మించి ఉందని రాస్తారు. జబ్బు లేని పక్క మండలం బోరులో అదెంత ఉందో రాయరు. జిల్లా అంతటా ఒకే స్థాయిలో ఉన్న పదార్థం ఒక పట్టీలోనే జబ్బు ఎందుకు ఉందో వివరించలేదు. ఇది ఎంత సాదా పరీక్ష అంటే, దీనికి గణాంకశాస్త్రం కూడా అక్కర్లేదు. అయినా అనుమానితుల్లో సగంమంది ఈ గుమ్మం దగ్గరే ఆగిపోవాల్సి ఉంటుంది.

ఎండదెబ్బ వాదాన్ని ఈ కొలమానంతోనే చూడాలి. ఆంధ్రలో ఎండకు పెట్టింది పేరు పల్నాటి రెంటచింతల, ఉద్దానం కాదు. కూలిపని, ఎండ ఉన్న ప్రతిచోటా ఉద్దానం లేదు కాబట్టి ఎండ ఒక్కటే కారణమనడం నిలవదు. అలాగని కొట్టేయడానికీ లేదు. ఎల్ సాల్వడార్‌లో జరిగిన ఒక పోలిక దీనికి జవాబులో సగం చెబుతుంది. అక్కడ సముద్రమట్టానికి దగ్గర్లో చెరకు పండించే ఊళ్లను, సుమారు 500 మీటర్ల ఎత్తులో చెరకే పండించే ఊరిని, ఇంకా ఎత్తున కాఫీ పండించే ఊరిని పక్కపక్కన పెట్టారు. తీరప్రాంతపు మగవాళ్లలో క్రియాటినిన్ పెరిగినవాళ్లు ఎక్కువ. ఎత్తులో ఉన్న చెరకు ఊరిలో చాలా తక్కువ. పంట అదే, పని అదే, వేడి వేరు. తర్వాత నికరాగువాలో ఒక చక్కెర మిల్లు కూలీలకు నీడ, నీళ్లు, మధ్యమధ్య విశ్రాంతి కచ్చితంగా ఇచ్చి చూస్తే, కోత కాలంలో కిడ్నీకి తగిలే దెబ్బ బాగా తగ్గింది. కారణాన్ని తగ్గించి ఫలితం తగ్గుతుందేమో చూడడం కన్నా గట్టి సాక్ష్యం ఈ రంగంలో అరుదుగా దొరుకుతుంది. అయితే చెరకు నరికేవాడి శ్రమ వేరు, జీడితోట పని వేరు. అక్కడి జవాబును ఇక్కడికి దిగుమతి చేసుకోలేం, అక్కడి పద్ధతిని చేసుకోవచ్చు.

పళ్లమీద రాసిన సాక్ష్యం

తెలుగునేలకు ఇలాంటి పరిశోధన కొత్త కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో మనుషులు నడుములు వంగిపోయి, కీళ్లు బిగుసుకుపోయి మంచం పట్టడానికి తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు 1937లోనే రాశారు. మనుషుల్లో ఎముకల ఫ్లోరోసిస్‌ను ఈ దేశంలో తొలిగా వివరించిన అధ్యయనాల్లో అదొకటి. నల్గొండ ఆ తర్వాత వెలుగులోకి వచ్చింది.

అక్కడ అంత త్వరగా తేలింది, ఇక్కడ ఇన్నేళ్లకూ తేలలేదంటే పరిశోధకుల తెలివిలో తేడా కాదు. ఫ్లోరైడ్ తన సాక్ష్యాన్ని తానే రాసిపెడుతుంది. పిల్లల పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో తాగిన నీళ్లే ఆ పళ్లమీద మచ్చలు వేస్తాయి. నోరు తెరిచి చూస్తే చిన్నప్పుడు ఏ నీళ్లు తాగాడో తెలిసిపోతుంది. జబ్బు రూపం ప్రత్యేకమైనది, వేరే దానితో పొరబడే అవకాశం తక్కువ. కారకం అదే బావిలో ఇంకా ఉంది. బావిలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఊళ్లో మచ్చలపళ్లు పెరుగుతాయి. కిడ్నీలో ఇవేవీ లేవు. దెబ్బతిన్న నాళం దేనివల్ల దెబ్బతిన్నదో తనమీద రాసుకోదు.

ఫ్లోరైడ్ కథలోనూ ఒక మలుపు ఉంది. 1970లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకులను ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో గుర్తించారు. పెద్ద ఆనకట్ట కట్టాక భూగర్భజలం మట్టం, నేల స్వభావం మారి, పండే జొన్నలో మాలిబ్డినం లాంటి సూక్ష్మ మూలకాల పాళ్లు మారడం దీనికి తోడై ఉంటుందని వాళ్ల వివరణ. ఒక పదార్థం, ఒక జబ్బు అన్న సరళరేఖ ఫ్లోరైడ్ దగ్గరే వంకర తిరిగింది. ఉద్దానంలో ఒకే దోషి దొరుకుతాడని ఎదురుచూడడం అంత సబబు కాకపోవచ్చు.

యాభై ఏళ్లు పట్టిన జవాబు

ఉద్దానానికి నిజంగా దగ్గరి పోలిక ఐరోపాలో ఉంది. డాన్యూబ్ ఉపనదుల తీరాల్లో, నేటి క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, బల్గేరియా, రుమేనియాల్లోని రైతుల ఊళ్లలో కిడ్నీలు నెమ్మదిగా కుంచించుకుపోయే జబ్బును 1950లలో గుర్తించారు. షుగరు లేదు, మూత్రంలో పెద్దగా ప్రొటీన్ లేదు. నాళాల దెబ్బ, దాంతోపాటు మూత్రనాళపు క్యాన్సర్లు. అనుమానితుల జాబితా చదివితే మన పత్రికలే గుర్తొస్తాయి: భారలోహాలు, వైరస్, ధాన్యంలో బూజు, భూమిలోని బొగ్గు పొరల నుంచి నీటిలోకి ఊరే రసాయనాలు, వంశం.

అసలు దారి చూపింది జనం కదలికలే. వేరే ప్రాంతాల నుంచి వచ్చి ఈ ఊళ్లలో స్థిరపడినవాళ్లకు పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత అదే జబ్బు వచ్చింది. రక్తసంబంధం లేనివాళ్లకు ఒకే ఇంట్లో వచ్చింది, పక్కింట్లో రాలేదు. అంటే కారణం రక్తంలో లేదు, గాలిలోనూ లేదు, ఇంటి వంటగదికి దగ్గర్లో ఎక్కడో ఉంది. గోధుమ చేలల్లో మొలిచే ఆరిస్టోలోకియా అనే కలుపు మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయని 1969లోనే ఒక పరిశోధకుడు అన్నాడు. ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు. 1993లో బెల్జియం నుంచి ఒక వార్త వచ్చింది. బరువు తగ్గించే క్లినిక్‌లో చైనా మూలికలు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు వరసగా చెడిపోయాయి. ఒక మూలిక బదులు పొరపాటున ఆరిస్టోలోకియా జాతి మూలిక కలిసింది. ఆ కిడ్నీల బయాప్సీ, డాన్యూబ్ రైతుల బయాప్సీ ఒకేలా ఉన్నాయి. చివరకు 2007లో రోగుల కణాల డీఎన్ఏ మీద ఆ మొక్క ఆమ్లం వదిలిన ముద్రలు దొరికాయి. ఉద్దానం కిడ్నీలలో లేనిది అలాంటి ముద్రే.

మన నాటువైద్యంలో వాడే ఈశ్వరి, గాడిదగడప కూడా ఆరిస్టోలోకియా జాతి మొక్కలే. ఉద్దానం జబ్బుకు ఇవే కారణమనడానికి ఆధారం లేదు. కానీ ప్రశ్నావళిలో నీళ్ల గురించి పది ప్రశ్నలు వేసేచోట, ఆకు పసర్ల గురించి ఒక్కటైనా పేరుపెట్టి అడగడంలో నష్టమేముంది?

డాన్యూబ్ ఊళ్ల పద్ధతి ఉద్దానానికి అతికినట్టు సరిపోతుంది. ఇక్కడా కోడళ్లు బయటి మండలాల నుంచి వస్తారు, ఇక్కడి ఆడపిల్లలు బయటికి వెళతారు. పనికోసం మగవాళ్లు ఏళ్ల తరబడి వలసపోతారు. జబ్బున్న ప్రాంతం నుంచి జబ్బు లేని ఊరికి కాపురానికి వెళ్లిన అక్కకూ, ఇక్కడే ఉండిపోయిన చెల్లికీ మధ్య క్రియాటినిన్ తేడా ఎంత? పదిహేనేళ్లు దాటి వలస ఉన్నవాడికీ, ఊరు కదలని అన్నకూ మధ్య? వంశమా, ఊరా అన్న పాత తగవును ఈ జంటలు తీర్చగలవు. నీటి నమూనాను హైదరాబాదుకో, ఢిల్లీకో పంపి వచ్చే కాగితం తీర్చలేదు.

తేలేదాకా ఆగాలా?

ధూమపానానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్యుడు రిచర్డ్ డాల్‌తో కలిసి నిరూపించిన గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్, 1965లో లండన్‌లో పర్యావరణమూ వ్యాధీ అన్న అంశం మీదే ప్రసంగించాడు. సంబంధం ఎంత బలంగా ఉంది, వేర్వేరు చోట్ల మళ్లీ కనిపించిందా, కారణం ముందు వచ్చిందా, మోతాదు పెరిగేకొద్దీ జబ్బు పెరిగిందా, కారణం తీసేస్తే తగ్గిందా లాంటి తొమ్మిది కోణాలను చెప్పాడు. వాటిని మార్కుల పట్టికలా వాడొద్దని కూడా అన్నాడు. ఆ హెచ్చరికను చాలామంది మరిచిపోయి తొమ్మిదింటికి ఎన్ని వచ్చాయని లెక్కపెడుతుంటారు. హిల్ చెప్పిన ఇంకో సంగతి, ఏ చర్యకు ఎంత సాక్ష్యం కావాలన్నది ఆ చర్య ఖరీదును బట్టి ఉంటుందని. తేలికగా చేయగలిగిన మార్పుకు కొద్దిపాటి సాక్ష్యం చాలు. జనానికి ఇష్టంలేని కష్టం తెచ్చిపెట్టే మార్పుకు గట్టి సాక్ష్యమే కావాలి.

శ్రీలంక దీనికి ఒక పాఠం. అక్కడి ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు ఇదే తరహా కిడ్నీ జబ్బు. కఠినజలం, లోహాలు, గ్లైఫోసేట్ అనే కలుపుమందు కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయన్న ప్రతిపాదన 2014లో వచ్చింది. అది ప్రతిపాదనే, జనంలో పరీక్షించిన ఫలితం కాదు. 2015లో ప్రభుత్వం ఆ మందును నిషేధించింది. తేయాకు తోటలు కలుపుతో సతమతమయ్యాయి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. గ్లైఫోసేట్ నిర్దోషి అని దీనర్థం కాదు. నిషేధానికి ముందూ తర్వాతా ఎవరి కిడ్నీలు ఎలా ఉన్నాయో కొలిచే ఏర్పాటు లేకపోవడంతో, అంత పెద్ద చర్య చేసి కూడా అది దోషో కాదో చెప్పగలిగే స్థితి మిగల్లేదు.

ఉద్దానంలో ప్రభుత్వం ఎంచుకున్న చర్య నీళ్లు. సుమారు 700 కోట్ల రూపాయలతో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధిచేసి పైపుల్లో ఊళ్లకు తెచ్చే పథకాన్ని, పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రంతోపాటు 2023 డిసెంబరులో ప్రారంభించారు. బోరు నీరే దోషి అని రుజువు కాకుండానే ఇంత ఖర్చు పెట్టారు. అయినా ఇది సరైన నిర్ణయమే. నీరు దోషి కాకపోయినా శుద్ధమైన నీరు ఎవరికీ చెడు చేయదు, నీటివల్ల వచ్చే మిగతా జబ్బులైనా తగ్గుతాయి. తప్పయితే పోయేది డబ్బే. ఒప్పయితే మిగిలేది ఒక తరం.

అయితే ఈ చర్య ఇంకో పనికీ అక్కరకు రావచ్చు. ఇన్ని ఊళ్లకు ఒకేరోజు నీళ్లు రావు. కొన్ని ఊళ్లకు ముందు, కొన్నింటికి ఏడాది తర్వాత, చివరి ట్యాంకులకు ఇంకా ఆలస్యంగా వస్తాయి. ఇలా దశలవారీగా మారడమే పరిశోధకుడికి కోరకుండా దొరికిన వరం. ముందు నీళ్లు వచ్చిన ఊరి యువకుల కిడ్నీ పనితీరు తగ్గుదల నెమ్మదిస్తే, ఇంకా బోరు మీదే ఉన్న ఊరిలో అలాగే కొనసాగితే, ఆ తేడా ఏ ప్రయోగశాల నివేదికా చెప్పలేనిది చెబుతుంది. తేడా లేకపోతే అదీ జవాబే, అప్పుడు చూపు ఎండ వైపో, వంటగది వైపో, మందుల పెట్టె వైపో మళ్లాలి. చూడాల్సింది డయాలసిస్ మీద ఉన్న పెద్దవాళ్లను కాదు, వాళ్లలో జరగాల్సిన నష్టం జరిగిపోయింది. 18 నుంచి 30 ఏళ్ల వాళ్లను, ఆరేసి నెలలకొకసారి, ఒకే కాలంలో, ఉదయం పూట, ఒకే ల్యాబులో చూడాలి. కుళాయి వచ్చినా కొందరు క్యాను నీళ్లే కొనుక్కుంటారు, కొందరు అలవాటు కొద్దీ బోరు దగ్గరికే వెళతారు. ఎవరు ఏ నీళ్లు తాగుతున్నారో ఇంటింటా రాసుకోకపోతే ఆ తేడా కూడా మసకబారుతుంది.

ఇందుకు కావలసినవి రెండు జాబితాలు. ఏ ఊరి కుళాయిలో నీళ్లు ఏ తేదీన మొదలయ్యాయో గ్రామీణ నీటి సరఫరా విభాగం దగ్గర ఉండేది ఒకటి. ఏ మనిషి క్రియాటినిన్ ఏ తేదీన ఎంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దగ్గర ఉండేది రెండోది. వాటిని ఊరి పేరు, తేదీల వారీగా జతచేయడానికి విదేశీ నిపుణుల బృందం రానక్కర్లేదు, ఒక గుమాస్తా, ఒక కంప్యూటర్ చాలు. కానీ చివరి ఊరికి నీళ్లు చేరేలోపే ఆ పని మొదలవ్వాలి. అందరూ ఒకే నీళ్లు తాగడం మొదలుపెట్టాక పోల్చడానికి ఎవరూ మిగలరు.